పోటు

గురువారాల్లో నా పని సూదులే.
పొద్దున్నించి తొమ్మిది మోకాళ్ళు, రెండు భుజాలు,
చేపలు కోసి కోసి
తుప్పుపట్టిన గొళ్ళెంలా బిగుసుకున్న ఒక బొటనవేలు.
స్టోర్నోవే ఆసుపత్రి, ఎముకల ఓపీ, నాలుగో గది.
ఈ దీవిలో వాన నిలువుగా పడదు,
కిటికీకి అడ్డంగా పోతుంది, పేకనూలులా.

పదమూడో మనిషి మర్డీనా మెకాస్కిల్.
షాబోస్ట్ నుంచి పది గంటల బస్సులో వచ్చింది.
డెబ్బై ఒకటి.
నలభై ఆరేళ్ళుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో
తొక్కుడు మగ్గం. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు.
మేజోడు దింపి మోకాలు నా ముందు పెట్టింది
తూకానికి తెచ్చిన టర్నిప్‌లా.

దాన్ని ఆమె నొప్పి అనదు. పోటు అంటుంది.
వస్తుంది, పోతుంది,
సముద్రం మనల్ని అడిగి వస్తుందా అంటుంది.
మార్చిలో వేసిన సూది పదకొండు వారాలు పనిచేసింది.
"మెట్లు దిగుతూ
నాకో మోకాలుందన్న సంగతే మరిచిపోయాను."
జూలైలో వేసింది పందొమ్మిది రోజులు.
రోజులు లెక్కపెట్టే దశకు వచ్చామన్నమాట.

చెప్పాల్సినవి ఎక్కాల్లా అప్పజెప్పాను:
వేలల్లో ఒకరికి కీలు చీము పట్టొచ్చు.
సూది దిగినచోట చర్మం తెల్లబారి సొట్టపడొచ్చు.
రెండ్రోజులు ముదిరి ఆపైన తగ్గొచ్చు.
మూడు నెలలు ఆగొచ్చు, మూడు వారాలే కావొచ్చు,
అసలు పనిచేయకనూ పోవచ్చు.

"ఇన్ని వచ్చులతో
పడవలవాళ్ళకి వాతావరణం చదువుతారు, ఇష్బెల్.
కానియ్."

సీసా కుదిపాను. అడుగున పేరుకున్న తెలుపు
పైకి లేచి కలిసిపోయింది.
పెన్ను మూతతో చిప్ప పక్కన గుండ్రంగా నొక్కాను.
సిరా అయితే తుడుపుతో పోతుంది, నొక్కు పోదు.
గులాబిరంగు మందు చల్లగా తగిలి
ఆమె కాలివేళ్ళు ముడుచుకున్నాయి.

సూది కీల్లోకి వెళ్ళిందని ఎలా తెలుస్తుంది,
అని కొత్తగా చేరిన రూరీ అడుగుతుంటాడు.
ఏదో తగలడం కాదురా, ఏదీ తగలకపోవడం.
భుజంతో నెట్టబోయిన చోట
తలుపే లేనట్టు.

ఆ రూరీయే తెర చూస్తూ, "ఒక్క క్షణం," అన్నాడు.

ఇన్వర్నెస్ నుంచి కబురు, గంట క్రితందే.
ఎవరో తప్పుకున్నారు.
మోకీలు మార్పిడి, మెకాస్కిల్, నవంబరు పద్నాలుగు.
పదహారు నెలలు చూసిన తేదీ
ఆరు వారాల దూరంలో నిలబడి ఉంది.
ఇవాళ ఈ తెలుపు లోపలికి వెళితే
మూడు నెలలు ఆ కీలు దగ్గరికి కత్తి రాదు.

సిరంజి నా చేతిలోనే ఉంది.
చెప్పాను. ఈసారి ఒక్క వచ్చు కూడా లేకుండా.

ఆమె చాలాసేపు గోడమీది గడియారం కేసి చూసింది.
"మగ్గంమీద పడుగు ఇంకా ముప్పై మీటర్లుంది.
సోమవారం మిల్లు వాన్ వస్తుంది."
"ఆపలేరా?"
"మధ్యలో తెంపితే అతుకు కనబడుతుంది.
ఎవరికీ కనబడదులే, నాకు కనబడుతుంది."

తర్వాత, "అందులో ఉన్నదాని ఖరీదెంత?"
"కింద క్యాంటీన్లో టీ అంత."
"స్కోనుతోనా?"
"స్కోనుతో."
"అయితే పారెయ్యి.
ఎడమకాలితో కాస్త గట్టిగా తొక్కుతాలే."

మేజోడు పైకి లాక్కుంది.
లేస్తూ బల్ల అంచు పట్టుకుంది, నా చెయ్యి కాదు.
వరండా పొడుగునా కర్ర చప్పుడు,
ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా,
మలుపు దాకా విన్నాను.

ఆ మెత్తని అడుగు ఎంత పోటుమీద పడుతోందో
నా సూదులకేం తెలుసు.

పసుపుపచ్చ డబ్బాలో వెయ్యబోతే
సిరంజిలో మందు అప్పుడే విడిపోతోంది,
పైన నీళ్ళు, అడుగున సుద్ద.
ఆమె మోకాలిమీద నేను నొక్కిన సున్నా
బస్సు షాబోస్ట్ చేరేలోపు చెరిగిపోతుంది.

"తర్వాత ఎవరు రూరీ?"
"మణికట్టు," అన్నాడు. నాలుక్కరుచుకుని
పేరు చెప్పాడు.